వేదికపైని గుస్సాడీ, బడి వెలుపలి దండారీ

ఆదిలాబాదు అడవులలోని ఆశ్రమ పాఠశాలలలో ఆగస్టు 9వ తేదీని ప్రపంచ ఆదివాసీ దినోత్సవముగా జరుపుట ఇప్పుడొక ఆనవాయితీ యైనది. ఆ దినమున గాని, పాఠశాల వార్షికోత్సవమున గాని, నలుగురు బాలురకు నెమలియీకల టోపీలు పెట్టి, మేనికి బూడిద పూసి, వేదిక యెక్కించి, పది నిమిషముల పాటు గుస్సాడీ ఆడించుటయు, ముందువరుసలోని అధికారులు చప్పట్లు చరచుటయు, మరునాటి పత్రికలో ఛాయాచిత్రము వెలువడుటయు జరిగిన పిమ్మట, గిరిజన సంస్కృతి విద్యాలయమున ప్రవేశించినదను తృప్తి ఎల్లరకును కలుగుచున్నది. ఈ తృప్తికి మూలమైన అభిప్రాయ మొకటి ఉపాధ్యాయులలోను, విద్యాశాఖవారిలోను, ఆదివాసుల మేలుకోరు సజ్జనులలోను గూడ గట్టిగా పాదుకొనియున్నది. ఆదివాసుల ఆచారములందు రెండు భాగములు కలవు. ఒకటి ఆటపాటలతో కూడిన కళ, రెండవది మూఢవిశ్వాసము. మొదటిదానిని వేదిక మీదికి తెచ్చుకొని, రెండవదానిని గూడెపు పొలిమేరలోనే విడిచి వచ్చుట ఆధునిక విద్య చేయదగిన పని. ఇది వారి మతము. ఇంతకంటె కటువుగా మాటలాడువారును కలరు. పండుగ పేరిట పిల్లలు పదునైదు దినములు బడి మానుదురు గనుక ఆచారములే గోండుల చదువునకు అడ్డుగోడ యని వారనుచుందురు. మొదటివారు మర్యాదస్థులు, రెండవవారు ముక్కుసూటి మనుష్యులు. ఆచారమునందు నేర్వదగిన దేమియు లేదనుటలో మాత్రము ఇరువురిదియు నొక్కటే మాట. ఆ మాట తప్పని చెప్పుటకే ఈ వ్రాత.

గుస్సాడీకి పుట్టినిల్లైన దండారీ యనగా నేమో ముందుగా చూతము. ఆశ్వయుజ పౌర్ణమి గడచిన పిదప దీపావళి వరకు గోండు గూడెములలో సాగు మహోత్సవమది. ఏడాది పొడుగునను భద్రపరచిన వాద్యములను, నెమలియీకల టోపీలను వెలికి దీసి, తమ దేవరయైన ఏత్మాసూర్ పేన్‌ను అర్చించిన పిమ్మటనే పురుషులు గుస్సాడీ వేషము ధరింతురు. ధరించినది మొదలు అతడు నిన్న పొలము దున్నిన మనుష్యుడు కాడు. దైవ మావహించిన పాత్రమని ఊరెల్ల నమ్మును. ఉత్సవము ముగియువరకు అతడు స్నానము చేయడు. అతని చేతి కర్ర తాకిన రోగికి మేలు కలుగునని తల్లులు పసిబిడ్డలను ముందునకు తెత్తురు. పిదప దండు డప్పులతో, పాటలతో ఒక గూడెము నుండి వేరొక గూడెమునకు కదలును. ఏ గూడెమునకు పోవలెననునది ఆనాటి ఇష్టముపై ఆధారపడినది కాదు. బంధుత్వము కలిసిన, కలియదగిన వారి గూడెమునకు పోవుట మర్యాద. వచ్చినవారిని ఎదుర్కొని, కాళ్ళకు నీళ్ళిచ్చి, ఎన్నాళ్ళున్నను అన్నము పెట్టుట ఆతిథేయుల విధి. ఆ ఋణమును మరల తమ గూడెమున తీర్చుట వచ్చినవారి విధి. రాత్రులలో ఆటపాటల నడుమ వియ్యపు మాటలును పుట్టుచుండును. కడపట కోలబొడి యను ముగింపు కర్మ జరిపి, వేషములు విప్పి, వాద్యములను తిరిగి భద్రపరతురు.

ఈ పదునైదు దినములలో పదేండ్ల బాలుడు నేర్చుకొనునది లెక్కింపబూనినచో బడిలోని ఒక పాఠ్యగ్రంథము చాలదు. ఎవరు తనకు అన్న వరుస, ఎవరు బావ వరుస, ఎవరితో పరిహాస మాడవచ్చును, ఎవరి యెదుట తలవంచుకొని నిలువవలెను, పాట యెత్తుకొను హక్కు ఎవరిది, డప్పునకు తోలు ఎట్లు బిగింతురు, అతిథియై పోయినపు డెట్లు మెలగవలెను, అతిథి వచ్చినపుడు గూడెములోని బియ్యపుమూటలు ఎట్లు పంచుకొనవలెను – ఇవి యన్నియు ఎవరును నల్లబల్ల యెదుట నిలిచి బోధింపకయే అతని కబ్బును. ఇప్పుడు వేదిక మీది గుస్సాడీని చూడుడు. అక్కడ ఏత్మాసూర్ లేడు, ఎదుర్కొని కాళ్ళకు నీళ్ళిచ్చువారు లేరు, నియమము లేదు, తీర్పవలసిన ఋణము లేదు, ఆశ్వయుజమును లేదు. ఆగస్టు నెలలో గుస్సాడీ వేషము గోండుల పంచాంగము ప్రకారము అకాలమైనది. కాలము, స్థలము, వేషమునకు అర్హుడు, ఆతిథేయి – ఈ నాలుగింటిని తీసివేసిన పిమ్మట మిగిలినవి నెమలియీకలు మాత్రమే. వానిని సంస్కృతి యని పిలుచుట మన అల్పసంతోషము.

వేదికపై ఆడుటయే అపచారమని నేననుట లేదు. మార్లవాయి గ్రామమునకు చెందిన కనక రాజు గుస్సాడీని 1980ల తొలినాళ్ళలో ఢిల్లీ గణతంత్ర వేడుకల వరకు గొనిపోయి, తరువాత ఎందరో యువకులకు దానిని నేర్పి, 2021లో పద్మశ్రీ పురస్కారము నందుకొన్నవాడు. ఆ గౌరవమున కాయన సర్వథా అర్హుడు. తన సంప్రదాయమును ఎంతవరకు పరుల కన్నుల యెదుట పెట్టవచ్చునో తెలిసిన పెద్ద, తన వారి సమ్మతితో ఆడిన ఆట వేరు. ఆ యాటను చూచి చప్పట్లు కొట్టుటతో గోండులకు మనము చేయవలసినది తీరిపోయినదని తలంచుట వేరు. ఢిల్లీలో గుస్సాడీకి చప్పట్లు మ్రోగిన ఆ కాలముననే, 1981 ఏప్రిల్ 20వ తేదీన, తమ భూములను గూర్చి సభ చేసికొనవచ్చిన గోండులపై ఇంద్రవెల్లిలో పోలీసులు తుపాకులు కాల్చిరి. నాట్యమును మెచ్చుకొనుటకును నాట్యమాడు మనుష్యుని మన్నించుటకును సంబంధ మంతగా లేదని ఆ వత్సరము చరిత్రలో వ్రాసిపెట్టినది.

ఈ దేశమున బడి ఆదివాసుల వద్దకు వినయముతో పోయిన సందర్భములు లేకపోలేదు. 1940లో జోడెఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీమ్ నిజాము సైనికుల తుపాకులకు బలియైన పిమ్మట, గోండుల తిరుగుబాటునకు కారణము లేమని యెరుగగోరి ఆ ప్రభుత్వము క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని ఆదిలాబాదునకు పంపినది. ఆయన అధికారుల బంగళాలో గాక మార్లవాయిలో గుడిసె వేసికొని కాపురముండెను. అచ్చటనే 1943లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దు శిక్షణకేంద్రము వెలసినది. నాగరి లిపిలో గోండీ వాచకములు అచ్చయినవి. పిల్లవాడు తన తల్లి మాటలాడు మాటలనే మొదట చదువ నేర్చెను. అడవిలో ఎవరును అక్షరాస్యులు లేరను సాకుతో వారిని విడిచిపెట్టక, వారిలోనుండియే గురువులను పుట్టించుట ఆ పథకమునందలి గొప్పతనము. తరువాతి పాలకులు దానిని పెంపక, రాజభాషలు మారినపుడెల్ల పిల్లవాని నాలుకను గూడ మార్చబూనిరి. హైమెన్‌డార్ఫ్ భార్య ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే యున్నది. ఏటేట అచ్చటికి పోయి పూలమాలలు వేయు అధికారులు ఆ పథకపు సారమును గూర్చి మాత్రము ఎన్నడును ప్రశ్నించుకొన్నట్లు కానరాదు.

హైమెన్‌డార్ఫ్ కంటె ఎంతో ముందుగనే గిడుగు వేంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవర భాషను సవరలనుండియే నేర్చి, సవర పిల్లలకు ఆ భాషలోనే వాచకములు వ్రాసి, తన సొంత సొమ్ముతో బడులు నడిపెను. వ్యావహారిక భాషకు ప్రాణమిచ్చిన ఆ మహనీయుడు ఈ గ్రాంథికపు వాక్యములను చదివినచో నవ్వునేమో గాని, వాని యభిప్రాయముతో మాత్రము విభేదింపడనుకొందును.

ఇక గైరుహాజరును గూర్చిన ఫిర్యాదు. ఇది నిజముగా విచారింపదగినది. ఏలయన ఇందు దోషి యెవరో లెక్క చూచినచో తేలును. మన పాఠశాలలకు బతుకమ్మ, దసరాల నిమిత్తము దాదాపు రెండు వారములు సెలవు లిత్తురు. విజయదశమి పోయిన కొలది దినములకే బడులు తెరచుకొనును. దశమి నుండి పౌర్ణమి అయిదు దినములు. అనగా మైదానపు పండుగ ముగిసి ఆశ్రమ పాఠశాల గంట మ్రోగిన నాటికి గోండు పిల్లవాని పండుగ మొదలగుచున్నది. దండారీ ముగియు దినమున, దీపావళికి, తిరిగి ఒక్కరోజు సెలవు. నాగోబా జాతర సంగతియు నింతే. గోండులలోని మెస్రం వంశీయులు కాలినడకన పోయి జన్నారము ప్రాంతమున హస్తినమడుగు నుండి గోదావరి జలమును తెచ్చి, కేస్లాపూరులో పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ చేసి, క్రొత్తకోడండ్రను దేవరకు పరిచయముచేయు భేటింగ్ జరుపునాటికి సామాన్యముగా సంక్రాంతి సెలవులు ముగిసియుండును. వైశాఖములోని పెద్దదేవర పెర్సాపేన్ పూజ మాత్రము వేసవి సెలవులలో పడుటచేత అదృష్టవశమున ఈ తగవునుండి తప్పించుకొన్నది. పిల్లవాని ఇంటి పండుగనాడు బడి పెట్టి, పొరుగువాని పండుగనాడు సెలవిచ్చి, అతడు రాలేదని రిజిస్టరులో సున్న చుట్టి, ఆ సున్నలను కూడి గోండులకు చదువుపై ఆసక్తి లేదని నివేదిక వ్రాయుట ఏ తర్కశాస్త్రమునకును నిలువదు. కుమ్రం భీమ్ వర్ధంతిని జోడెఘాట్‌లో నేటికిని తేదీని బట్టి గాక ఆశ్వయుజ పౌర్ణమిని బట్టియే జరుపుచున్నారు. దానికి మంత్రులు, కలెక్టర్లు హాజరగుచున్నారు. ప్రభుత్వమునకు గోండుల తిథి తెలియదని ఎవరును అనజాలరు.

చట్ట మొప్పదనుటయు సరికాదు. 2009నాటి విద్యాహక్కు చట్టము అయిదవ తరగతి వరకు ఏటికి 200 పనిదినములు, ఆ పైని మూడు తరగతులకు 220 పనిదినములు ఉండవలెనని మాత్రమే విధించినది. అవి ఏ నెలలో నుండవలెనో చెప్పలేదు. పైపెచ్చు పాఠశాల వార్షిక ప్రణాళికను నిర్ణయించు బాధ్యతను ఆ చట్టపు తొమ్మిదవ సెక్షను స్థానిక సంస్థల కప్పగించినది. దసరా సెలవులలో ఒక వారము తగ్గించి దండారీకి జరిపినచో పనిదినము లొక్కటియు తరుగవు. మరి అడ్డమేమి? నిష్ఠురమైనను చెప్పక తప్పదు: ఆ బడులలోని ఉపాధ్యాయులలో పలువురు మైదానపు ఊళ్ళవారు, దసరాకు వారు సొంత యిండ్లకు పోవలెను. అది న్యాయమైన కోరికయే. కాని దానిని పిల్లవాని మూఢత్వముగా చిత్రింపక, మా సెలవులు మాకు కావలెనని నిజాయితీగా చెప్పిన బాగుండును. అప్పుడు రెండు పక్షములును కూర్చుండి సర్దుకొనవచ్చును.

సర్కారు బడిలో మతబోధ కూడదు, రాజ్యాంగపు 28వ అధికరణము దానిని నిషేధించుచున్నదని కొందరు విజ్ఞులు హెచ్చరింతురు. నిషేధించిన మాట నిజమే. ఆ నిషేధము ఉండవలసినదే. అయితే ఈ హెచ్చరిక వినిపించు గదిలోనే గోడమీద సరస్వతీదేవి పటమునకు దండ వ్రేలాడుచుండును; వాచకములో రామాయణ భారత కథ లుండును; వినాయక చవితికి విగ్రహము వచ్చును. అవి సంస్కృతి, ఏత్మాసూర్ మాత్రము మతము – ఈ విభజన రాజ్యాంగములో ఏ అధికరణమునందును లేదు. ఒక పూజను చేయించుటకును, ఆ పూజ ఏమిటో తెలియజెప్పుటకును గల భేదమును పాటించినచో చిక్కులేదు. కెనడాలో బ్రిటిషు కొలంబియా రాష్ట్రమున పోర్ట్ ఆల్బెర్నీ అను పట్టణపు ప్రాథమిక పాఠశాలలో నూ-చా-నుల్త్ తెగ పెద్ద యొకామె ఆకులు కాల్చి ధూపమువేయు తమ శుద్ధికర్మను పిల్లలకు చూపగా, అది తన బిడ్డల మతస్వేచ్ఛకు భంగమని ఒక తల్లి వ్యాజ్యమాడెను. 2020లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది: ఒక సంప్రదాయమును చూచి తెలిసికొనుట దానిని ఆచరించుట కాదు. ఇదే దేశము 1885 మొదలు 1951 వరకు ఆ ప్రాంతపు తెగల పోట్‌లాచ్ ఉత్సవమును చట్టముచే నిషేధించిన దేశము. నిషేధించి పశ్చాత్తాపపడినవారి యనుభవమైనను మనకు పనికిరావలెను గదా.

మూఢవిశ్వాసమను ఆక్షేపణకు నాకు తోచిన సమాధానము మిత్రులను గూడ నొప్పించునేమో. ఆదివాసుల ఆచారమునందు ప్రతిదానికిని నిగూఢమైన వైజ్ఞానిక కారణము కలదనియు, మేనికి పూసికొను బూడిద సూక్ష్మక్రిములను చంపుననియు వాదించు ఆప్తులు కలరు. ఆ వాదము విరోధుల వాదముకంటె ఎక్కువ కీడు చేయును. ఏలయన గోండు ఆచారము ప్రయోగశాల పరీక్షలో నెగ్గినపుడే బడిలో అడుగిడవలెనను షరతును అది అంగీకరించుచున్నది. పోతనను ప్రయోగశాలకు పంపి ఎవరైన పరీక్షించిరా? ఆచారమునందలి జ్ఞానము వేరుజాతిది. గోండులు ఏడు, ఆరు, అయిదు, నాలుగు దేవరల వారని నాలుగు సాగాలుగా విభజింపబడినవారు. గుహలో చెరపడిన దేవతలను జంగుబాయి తోడ్పాటుతో విడిపించి, పహండి కుపార్ లింగాల్ ఈ విభజన చేసెనని వారి పురాణము. ఒక్క సాగాలోనివారికి పరస్పరము వివాహము కూడదు. గోండు బాలిక ఎన్ని ఇంటిపేర్లు విన్నను, ఏది యే సాగాకు చెందినదో, ఎవరితో తనకు ఏ వరుసయో తడువుకొనక చెప్పును. గణితోపాధ్యాయుడు సమితులు, ఉపసమితులు అని తలలు బాదుకొని బోధించునది ఆమె కిదివరకే తెలియును. తెలిసినదని ఆమెకు చెప్పువారే లేరు. క్రొత్త ధాన్యమును దేవరలకు పెట్టక నోట పెట్టకుండుట, పూజ జరుగక మునుపు ఇప్పపూవు ఏరకుండుట మొదలగు నియమములు అడవితో మనుష్యుడు చేసికొన్న ఒడంబడికలు. వానిని నమ్మవలెనని పిల్లవానిని నిర్బంధింపనక్కరలేదు. అవి యెందుకు పుట్టెనో, ఆ పూజ లేని మన మార్కెట్టు సంగ్రహణలో అడవి యేమగుచున్నదో చర్చింపవచ్చును. సామాజిక శాస్త్రమునకు ఇంతకంటె మంచి పాఠమేది?

ఆచారములలో దోషములు లేవా యనిన, ఉన్నవి. బలి కలదు, వ్యయము కలదు, మద్యము కలదు. వీనిని గూర్చి రాయిసెంటర్లను తమ పంచాయతీలలో గోండు పెద్దలు తమలో తాము తర్కించుకొనుచునే యున్నారు. ఆ తర్కము మన యనుమతికై వేచియుండలేదు. తన సంప్రదాయమును చదివిన పిల్లవాడు రేపు ఆ సభలో సమర్థుడైన విమర్శకుడగును. చదువనివాడు సిగ్గుపడి పట్టణమునకు పారిపోవును.

అయితే ఆచారములను విద్యలోనికి తెత్తుమని ఉత్సాహపడు వారికి ఒక హద్దు చెప్పవలసియున్నది. ఇది మన పండితులకు మింగుడుపడనిది. తెలిసికొనదగినదంతయు అందరకును తెలియవలెనను నియమము మన బడిది, గోండులది కాదు. పెర్సాపేన్ చిహ్నములను అకాలమున వెలికి తీయరు. పూజ వేళ పూజారియైన కటోడా చేయు కొన్ని క్రియలు అన్యులు చూడదగినవి కావు. వీనిని వీడియో తీసి డిజిటలు పాఠముగా చేయుట విద్యావ్యాప్తి కాదు, దొంగతనము. ఏది చెప్పవచ్చునో, ఏది చెప్పరాదో, ఏ మాసమున చెప్పవచ్చునో నిర్ణయించు అధికారము ఊరిపెద్ద పటేలు, పూజారులైన దేవారి, కటోడాలు కూడిన గ్రామసభదే కావలెను. తమ సంప్రదాయములను కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు కలదని 1996నాటి పెసా చట్టము స్పష్టముగనే యొప్పుకొన్నది. పాఠ్యప్రణాళికాసంఘము హైదరాబాదులో తయారుచేసి పంపిన గోండు పాఠము, ఎంత ప్రేమతో వ్రాసినదైనను, ఆ సభ యెదుట చదువబడి దాని యామోదము పొందిన పిమ్మటనే పిల్లవాని చేతికి పోవలెను. వారు వలదనిన వలదు, కారణము చెప్పనక్కరలేదు.

పరీక్షలో ఇది వచ్చునా, ఇంజనీరింగు ప్రవేశమునకు పనికివచ్చునా యను ప్రశ్న మిగిలియున్నది. సంగీతము, చిత్రలేఖనము, వ్యాయామము ఏ ప్రవేశపరీక్షలోను రావు. అయినను వానికి పీరియడ్లు కలవు. ఆ ప్రశ్నపై ఇంతకంటె కాలము వెచ్చింపనేల?

అసలు చిక్కు గురువును గూర్చినది. షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయ పదవులన్నియు ఆదివాసులకే ఈయవలెనను 2000 సంవత్సరపు మూడవ నంబరు ప్రభుత్వోత్తర్వును 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. నూటికి నూరు రిజర్వేషను సమానత్వ సూత్రమునకు విరుద్ధమని తీర్పు. ఆ తీర్పు మంచిచెడ్డలు న్యాయవాదులు చూచుకొందురు. గోండీ రాని ఉపాధ్యాయుడు గోండు తరగతిలో అడుగిడు అవకాశము దానివలన పెరిగినదనునది మాత్రము వివాదములేని ఫలితము. ఆ లోటును పూరింపగలవాడు గూడెముల పొరుగుననే ఉన్నాడు. తరతరములుగా గోండుల వంశచరితలను, దేవతల పుట్టుకలను కిక్రి వాయించుచు కంఠస్థముగా గానము చేయుచు వచ్చిన పర్ధానులు ఆ జాతికి గ్రంథాలయమును, గ్రంథపాలకులును గూడ. పట్టా లేదు గనుక పర్ధానును ఉపాధ్యాయుడుగా నియమింపజాలమని కార్యాలయమువా రందురు. నియమింపనక్కరలేదు, ఆశ్వయుజమునకు ముందును, పుష్యమునకు ముందును కొన్ని దినములు గౌరవవేతనముపై పిలిపింపవచ్చును, వార్షికోత్సవమునకు వేదిక కట్టుటకును, మైకునకును, అతిథుల శాలువలకును వెచ్చించు సొమ్ములో కొంత దీనికి మళ్ళించిన చాలును. అతడు గోండీలోనే చెప్పును. చెప్పినది పిల్లలు ఇంటికి పోయి తాతలను అడిగి సరిచూచుకొని వత్తురు. పర్ధాను కథ చెప్పునపుడు పిల్లలతో పాటు ప్రధానోపాధ్యాయుడును నేలమీద కూర్చుండి వినవలెనని గ్రామసభ కోరినచో, ఆ నిబంధనయు న్యాయమైనదే.